విద్యార్థులకు వెతకడం, తేల్చుకోవడం ఎలా నేర్పాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

ప్రాజెక్టు ఇచ్చిన ప్రతిసారీ ఒకే పేజీ నుంచి దించిన పేపర్లు వచ్చి పడుతున్నాయని బాధపడే ఉపాధ్యాయులు, లైబ్రేరియన్లు, ఇంట్లో పిల్లల హోంవర్కు చూసే తల్లిదండ్రులు అడిగే ప్రశ్నలు ఇవి. కొన్నిటికి జవాబు రెండు ముక్కల్లో అయిపోతుంది. కొన్నిటి దగ్గర కాసేపు ఆగాల్సి వస్తుంది.

సమాచార అక్షరాస్యత అంటే కంప్యూటర్ నేర్పడమేనా?

కాదు. మౌస్ పట్టుకోవడం, ఫైల్ సేవ్ చేయడం వేరే సంగతి. తనకు ఏం తెలియాలో గుర్తించడం, అది దొరికే చోట వెతకడం, దొరికినదాన్ని నమ్మొచ్చో లేదో తేల్చుకోవడం, తన పనికి వాడుకుని ఎక్కడి నుంచి తీసుకున్నాడో చెప్పడం: ఈ నాలుగూ కలిస్తే సమాచార అక్షరాస్యత. ఈ పేరును 1974లోనే, అమెరికాలోని సమాచార పరిశ్రమ సంఘం అధ్యక్షుడు పాల్ జుర్కోవ్‌స్కీ వాడారు, అమెరికా జాతీయ గ్రంథాలయ కమిషన్‌కు రాసిన ఒక నివేదికలో. అప్పటికి వెబ్ లేదు. 1989లో అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్ కమిటీ ఒకటి దీన్ని ప్రతి ఒక్కరికీ కావలసిన నైపుణ్యంగా నిర్వచించింది. పుస్తకాలు మాత్రమే ఉన్న రోజుల్లో కూడా ఈ అవసరం ఉండేది. కాకపోతే అప్పుడు పుస్తకం పిల్లల చేతికి వచ్చేలోపు సంపాదకుడో, ప్రచురణకర్తో, లైబ్రేరియనో ఒకసారి జల్లెడ పట్టేవారు. ఇప్పుడు ఆ పని చాలావరకు చదివేవాడి మీదే పడింది.

పిల్లలు మాకన్నా బాగా ఫోన్ వాడతారు. వాళ్లకి మేం నేర్పేదేముంది?

వాడడం వస్తుంది, నిజమే. తేల్చుకోవడం రాదు. ఈ రెండూ వేరువేరని చూపించిన పరిశోధనలు చాలానే ఉన్నాయి.

స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన ఒక బృందం 2019లో వెలువరించిన అధ్యయనంలో అమెరికా హైస్కూలు విద్యార్థులు 3,446 మంది పాల్గొన్నారు. ఎన్నికల్లో రిగ్గింగ్ జరిగిందంటూ ఫేస్‌బుక్‌లో పెట్టిన ఒక మసక వీడియో చూపించి, ఇది అమెరికాలో రిగ్గింగ్‌కి గట్టి సాక్ష్యమేనా అని అడిగారు. సగానికి పైగా విద్యార్థులు అవునన్నారు. ఆ వీడియో రష్యాలో తీసింది. పక్కనే ఇంటర్నెట్ ఉంది, వెతుక్కోవచ్చని ముందే చెప్పారు కూడా. అయినా 3,000కు పైగా వచ్చిన సమాధానాల్లో వీడియో అసలు ఎక్కడిదో పట్టుకున్నవాళ్లు ముగ్గురే.

ఇంకోటి మరీ ప్రసిద్ధం. చెట్ల మీద బతికే ఆక్టోపస్ గురించి 1998లో ఎవరో సరదాకి ఒక వెబ్‌సైట్ పెట్టారు. కనెక్టికట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2006లో ఆ సైట్‌ను ఏడో తరగతి పిల్లలకు చూపిస్తే దాదాపు అందరూ నమ్మేశారు. ఆ పిల్లలు మందబుద్ధులేమీ కాదు, బాగా చదివేవాళ్లే. పేజీలో ఉన్నది చదివి అర్థం చేసుకోవడం వాళ్లకి నేర్పారు. పేజీని వదిలి బయటికెళ్లి చూడాలని ఎవరూ నేర్పలేదు, అంతే.

ఏ వయసు నుంచి మొదలుపెట్టాలి?

చదవడం వచ్చిన దగ్గర్నుంచి. "ఈ మాట నీకెలా తెలుసు?" అనే ప్రశ్నకు ఎనిమిదేళ్ల పిల్లవాడు కూడా జవాబు చెప్పగలడు. "అమ్మ చెప్పింది", "పుస్తకంలో ఉంది", "నేనే చూశాను" అనే మూడు జవాబుల మధ్య తేడా మాట్లాడితే చాలు, పునాది పడ్డట్టే. పదకొండు పన్నెండేళ్లకి రెండు చోట్ల చదివి పోల్చడం, హైస్కూల్లో మూలం దాకా వెళ్లడం, కాలేజీకి వచ్చేసరికి పరిశోధన పత్రాలు చదవడం. ఫిన్లండ్‌లో 2016 నుంచి అమల్లోకి వచ్చిన జాతీయ పాఠ్య ప్రణాళిక ఇలాంటి నైపుణ్యాలను చిన్న తరగతుల నుంచే అన్ని సబ్జెక్టుల్లోనూ కలిపింది.

దీనికి విడిగా ఒక పీరియడ్ పెట్టాలా?

నా అభిప్రాయం వద్దనే. విడిగా పెట్టిన పీరియడ్‌లో నేర్చుకున్నది ఆ పీరియడ్‌తోనే ఆగిపోతుంది. సంవత్సరం మొదట్లో లైబ్రరీకి తీసుకెళ్లి ఒక గంటసేపు అన్నీ చూపించి పంపించే పద్ధతి చాలా చోట్ల ఉంది. పిల్లలకి ఆ రోజు వెతకాల్సిన అవసరమేమీ ఉండదు కాబట్టి తలలో ఏమీ నిలవదు. అదే మాట, చరిత్ర పాఠంలో ఒక సంఘటన తేదీ గురించి రెండు పుస్తకాలు రెండు రకాలుగా చెప్పిన రోజున చెప్పండి. పది నిమిషాలు చాలు. ఆ పది నిమిషాలు వాళ్లకి గుర్తుంటాయి, ఎందుకంటే ఆ క్షణాన వాళ్లకి నిజంగా తెలుసుకోవాలని ఉంది.

లైబ్రేరియన్, సబ్జెక్టు టీచరు కలిసి ప్లాన్ చేసుకుంటే ఇంకా మంచిది. అసైన్‌మెంట్ కాగితం పిల్లల చేతికి వెళ్లకముందే లైబ్రేరియన్‌కి చూపించండి. ఆ టాపిక్ మీద ఏం దొరుకుతుందో, ఏం దొరకదో ముందే చెప్పగలిగేది వాళ్లే.

టాపిక్ ఇస్తే "ఏం రాయాలి?" అని మళ్లీ మమ్మల్నే అడుగుతున్నారు. ఏం చేయాలి?

ఇక్కడే అసలు పని ఉంది. "నీటి కాలుష్యం" అని టాపిక్ ఇచ్చారనుకోండి. అది ప్రశ్న కాదు, ఓ అధ్యాయం పేరు. అధ్యాయం పేరు పెట్టి వెతికితే అధ్యాయమే దొరుకుతుంది. నిర్వచనం, కారణాలు, ప్రభావాలు, నివారణ చర్యలు. పిల్లవాడు దాన్నే దించుకొస్తాడు. వాడిని కాపీ కొట్టావని తిట్టేముందు, కాపీ తప్ప ఇంకోటి రాని అసైన్‌మెంట్ ఇచ్చామేమో చూసుకోవాలి.

టాపిక్‌ను ప్రశ్నగా మార్చడం పిల్లల చేతే చేయించండి. నలుగురిని ఒక జట్టుగా కూర్చోబెట్టి, ఆ టాపిక్ మీద తోచిన ప్రశ్నలన్నీ రాయమనండి. అయిదు నిమిషాలు ఎవరూ ఏ ప్రశ్ననీ మంచిదనకూడదు, చెడ్డదనకూడదు, జవాబు చెప్పకూడదు. ఆ తర్వాత అవును, కాదు అనే ఒక్క ముక్కతో జవాబు అయిపోయేవి ఏవో, వివరణ కావలసినవి ఏవో విడగొట్టమనండి. ఒక రకాన్ని రెండో రకంలోకి మార్చి రాయమనండి. చివరికి, నిజంగా తెలుసుకోవాలని ఉన్న మూడిటిని ఎంచుకోమనండి.

ఒక తరగతిలో ఇలా మొదలైంది: "చెరువులో నీళ్లు ఎందుకు ఆకుపచ్చగా మారతాయి?" జట్టులో ఇంకో అమ్మాయి, "అన్ని చెరువులూ మారవు కదా?" అంది. మూడో పిల్లవాడు, "ఎండాకాలంలోనే ఎక్కువ మారతాయి," అన్నాడు. చివరికి కాగితం మీద మిగిలిన ప్రశ్న: "పొలాల్లో వేసే ఎరువు చెరువులోకి చేరితే పాచి ఎందుకు పెరుగుతుంది, ఎండకీ దానికీ సంబంధం ఏమిటి?" దీనికి వెతకడానికి మాటలు ప్రశ్నలోనే ఉన్నాయి: ఎరువు, నత్రజని, భాస్వరం, పాచి, ఉష్ణోగ్రత. ఏది అక్కరలేదో కూడా తెలిసిపోతుంది. ఫ్యాక్టరీ వ్యర్థాల గురించి నాలుగు పేజీలు దొరికినా ఈ పిల్లలు పక్కన పెట్టేస్తారు.

ప్రశ్న మరీ ఇరుకైతే ఏమీ దొరకదు, మరీ వెడల్పయితే అంతా దొరుకుతుంది. కాస్త వెతికి, ప్రశ్నను మార్చుకుని, మళ్లీ వెతకడం సహజం. మధ్యలో ప్రశ్న మారిందంటే పిల్లవాడు దారి తప్పాడని అనుకోకండి. చదివినది బుర్రకెక్కుతోందని అర్థం.

సెర్చ్ బాక్స్‌లో ఏం టైప్ చేయాలో ఎలా నేర్పాలి?

ముందుగా, కావలసిన జవాబు రాసేవాళ్లు ఏ మాటలు వాడతారో ఊహించమనండి. పిల్లవాడు "గుండె జబ్బు" అని వెతుకుతాడు, డాక్టరు "హృద్రోగం" అనో "కార్డియోవాస్కులర్" అనో రాస్తారు. ఒక మంచి పేజీ దొరికాక అందులోని మాటలు ఏరుకుని మళ్లీ వెతకడం అన్నిటికన్నా పనికొచ్చే చిట్కా. దాన్ని బోర్డు మీద ఒక్కసారి చేసి చూపిస్తే పిల్లలు వెంటనే పట్టుకుంటారు.

మిగతావి కొద్దిపాటి పనిముట్లు. రెండు మూడు మాటలు విడకుండా కలిసే రావాలంటే కొటేషన్ గుర్తుల్లో పెట్టాలి. ఒక మాట ఉన్న ఫలితాలు వద్దనుకుంటే దాని ముందు మైనస్ గుర్తు. ఒక్క సైట్‌లోనే వెతకాలంటే సైట్ అనే మాట ఇంగ్లీషులో రాసి, కోలన్ పెట్టి, వెంటనే ఆ చిరునామా. లైబ్రరీ డేటాబేసుల్లో ఆండ్, ఆర్, నాట్ అనే మాటలతో కలపడం, తీసేయడం చేయొచ్చు. ఇవన్నీ ఒకే రోజు చెప్పకండి. అవసరం పడినప్పుడు ఒక్కొక్కటి.

ఎప్పుడూ మొదటి రిజల్టే తెరుస్తారు. మాన్పించడం ఎలా?

క్లిక్ చేసేముందు ఫలితాల పేజీ కిందిదాకా ఒకసారి చదవాలని నియమం పెట్టండి. పైనున్న ఒకటి రెండు ప్రకటనలై ఉండొచ్చు. ప్రతి రిజల్ట్ కింద ఉండే రెండు లైన్లలో ఎవరు రాశారు, ఎప్పుడు రాశారు అనేది తరచుగా కనిపిస్తుంది. వృత్తిగా నిజనిర్ధారణ చేసేవాళ్లు కూడా ఇలాగే ముందు లిస్టంతా చూసుకుని, తర్వాతే ఒకదాన్ని ఎంచుకుంటారు. ప్రింట్ తీసిన ఒక సెర్చ్ పేజీని పంచి, ఏది ముందు తెరుస్తారు, ఎందుకు అని అడగండి. కంప్యూటర్ కూడా అక్కర్లేదు.

ఒక వెబ్‌సైట్‌ను నమ్మొచ్చో లేదో ఎలా తేల్చాలి?

చాలాకాలం చెక్‌లిస్టులు ఇచ్చాం. కొత్తదా, సంబంధం ఉందా, ఎవరు రాశారు, సరైనదేనా, ఎందుకు రాశారు అని అడిగే ఒక పట్టిక 2004లో చికోలోని కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ లైబ్రరీలో తయారై, ప్రపంచమంతా పాకింది. ప్రశ్నలు మంచివే. చిక్కేమిటంటే, పిల్లలు వాటికి జవాబులు ఆ పేజీలోనే వెతుకుతారు. మోసం చేయదలుచుకున్నవాడు "మా గురించి" పేజీ చక్కగానే రాసుకుంటాడు కదా.

స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు శామ్ వైన్‌బర్గ్, సారా మెక్‌గ్రూ 2017లో ఒక ఆసక్తికరమైన పోలిక చేశారు. పదిమంది చరిత్రకారులు, పదిమంది ఫ్యాక్ట్ చెకర్లు (వృత్తిగా నిజనిర్ధారణ చేసేవాళ్లు), 25 మంది స్టాన్‌ఫర్డ్ విద్యార్థులను కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి రెండు పిల్లల వైద్యుల సంఘాల సైట్లు చూపించారు. ఒకటి అమెరికాలోని పిల్లల వైద్యులకు ప్రధాన సంఘం. రెండోది 2002లో దాన్నుంచి విడిపోయిన చిన్న గుంపు. పేర్లు ఒకేలా ఉంటాయి, సైట్లు రెండూ హుందాగానే ఉంటాయి. విద్యార్థుల్లో ఎక్కువమంది చిన్న గుంపు సైటే నమ్మదగినదన్నారు. చరిత్రకారుల్లో కూడా చాలామంది తికమకపడ్డారు. ఫ్యాక్ట్ చెకర్లు మాత్రం తడుముకోలేదు. వాళ్లు పేజీని పైనుంచి కిందికి చదవలేదు. కొత్త ట్యాబ్ తెరిచి, ఈ సంఘం గురించి ఇతరులు ఏమంటున్నారో చూశారు.

పిల్లలకు నేర్పాల్సిన మొదటి అలవాటు ఇదే. పేజీ తెలియనిదైతే దాన్ని చదవడం మొదలుపెట్టకముందే బయటికి వెళ్లి రావాలి. డిజిటల్ అక్షరాస్యత నిపుణుడు మైక్ కాల్‌ఫీల్డ్ 2019లో దీన్ని నాలుగు అడుగులుగా కూర్చారు: ఆగు, చెప్పేది ఎవరో చూడు, ఇంతకన్నా మంచి కథనం వెతుకు, మాట మొదట ఎక్కడ పుట్టిందో చూడు. నాలుగూ కలిపి చాలాసార్లు రెండు నిమిషాలకు మించదు. నాకు ఈ పద్ధతి నచ్చడానికి పెద్ద కారణం ఆ మొదటి అడుగే. కోపమో, భయమో, సంతోషమో ఒక్కసారిగా పొంగినప్పుడు చెయ్యి ఫార్వర్డ్ బటన్ మీదికి వెళ్తుంది. ఆ క్షణంలో ఆగడం నేర్చుకున్న పిల్లవాడికి మిగతా మూడూ నేర్పడం తేలిక.

వెబ్‌సైట్ చిరునామా చివర ఆర్గ్ ఉంటే నమ్మొచ్చని చెప్పొచ్చా?

వద్దు. డబ్బు కడితే ఆ చిరునామా ఎవరైనా కొనుక్కోవచ్చు. ప్రభుత్వాలకీ విద్యాసంస్థలకీ కేటాయించిన చిరునామాలు కొంత నయం, కానీ అక్కడ కూడా ఎవరో విద్యార్థి రాసిన వ్యాసం ఉండొచ్చు. అందమైన డిజైన్, అక్షరదోషాలు లేకపోవడం కూడా కొలబద్దలు కావు.

"మూలం దాకా వెళ్లడం" అంటే తరగతిలో ఎలా చేయించాలి?

అందరూ విన్న ఒక మాట తీసుకోండి. "మనుషుల ఏకాగ్రత 12 సెకన్ల నుంచి 8 సెకన్లకు పడిపోయింది, గోల్డ్‌ఫిష్‌కి 9 సెకన్లు ఉంటుంది, దానికన్నా మనకే తక్కువ" అన్నది బాగా పనికొస్తుంది. పత్రికల్లో, ప్రసంగాల్లో, టీచర్ల శిక్షణ స్లైడుల్లో కూడా ఇది కనిపిస్తుంది.

పిల్లల్ని దీని వెనక పంపండి. మొదట వార్తా కథనాలు దొరుకుతాయి. అవి 2015లో మైక్రోసాఫ్ట్ కెనడా విడుదల చేసిన నివేదికను చూపిస్తాయి. ఇంత పెద్ద కంపెనీ కదా, తేలిపోయిందని చాలామంది పిల్లలు అక్కడే ఆగిపోతారు. "అందులో ఆ అంకె పక్కన ఏం రాసి ఉందో చూడండి," అనండి. తెరిచి చూస్తే, ఆ అంకె మైక్రోసాఫ్ట్ కొలిచింది కాదు, స్టాటిస్టిక్ బ్రెయిన్ అనే వెబ్‌సైట్ నుంచి తీసుకున్నది. ఆ సైట్ తన ఆధారాలుగా పెద్ద పెద్ద సంస్థల పేర్లు రాసుకుంది. బీబీసీ విలేకరి 2017లో ఆ సంస్థలనే అడిగితే, అలాంటి పరిశోధన తమ దగ్గర ఏదీ కనిపించలేదన్నాయి. గోల్డ్‌ఫిష్ మతిమరుపు కూడా కట్టుకథే. చేపలకు జ్ఞాపకశక్తి ఉంటుందని శాస్త్రవేత్తలు ప్రయోగాల్లో చూపించారు.

ఒక మాట ఎన్ని చోట్ల కనిపించినా దాని ఊట ఒక్కటే కావొచ్చని, ఆ ఊటలో నీళ్లే లేకపోవచ్చని పిల్లలు తమ చేతులతో తవ్వి తెలుసుకుంటారు. "నాలుగు సైట్లలో ఉంది కాబట్టి నిజమే" అనే వాదన ఆ తరువాత తగ్గిపోతుంది.

వికీపీడియా వాడనివ్వచ్చా?

వాడనివ్వండి. నిషేధిస్తే దొంగచాటుగా వాడి, పేరు రాయకుండా వదిలేస్తారు. ఎలా వాడాలో చెప్పడమే మేలు. టాపిక్ గురించి స్థూలంగా తెలుసుకోవడానికి, సెర్చ్ మాటలు ఏరుకోవడానికి, అడుగున ఉన్న మూలాల జాబితా పట్టుకుని అసలు చోటికి వెళ్లడానికి అది చక్కని మొదటి మెట్టు. పేజీ చరిత్ర, చర్చ అనే ట్యాబులు కూడా తెరిపించండి. జనం ఒక వాక్యం మీద ఎలా వాదించుకుని, ఆధారం అడిగి, దిద్దుకుంటారో అక్కడ బాహాటంగా కనిపిస్తుంది. ఒక పాఠ్యపుస్తకం ఎలా తయారవుతుందో పిల్లలకు ఎప్పుడూ కనబడదు. వికీపీడియాలో కనబడుతుంది.

ఫైనల్ రిపోర్టులో ఆధారంగా మాత్రం వికీపీడియా వ్యాసాన్ని కాకుండా, అది చూపించిన మూలాన్ని తెరిచి చదివి, దాన్నే రాయాలి. "తెరిచి చదివి" అన్న చోట గట్టిగా నిలబడండి.

చాట్‌బాట్‌ను అడిగి రాసుకొస్తున్నారు. దీన్ని ఎలా ఎదుర్కోవాలి?

చాట్‌బాట్ ఎలా పనిచేస్తుందో ముందు చెప్పండి. ఇంతకుముందు చదివిన కోట్ల వాక్యాలను బట్టి తర్వాత ఏ మాట రావచ్చో అంచనా వేస్తూ వాక్యం అల్లుతుంది. అందుకే తెలిసినదీ తెలియనిదీ ఒకే ధీమాతో చెబుతుంది. లేని పుస్తకం పేరు, లేని పత్రం, దానికి పేజీ నంబరు కూడా ఇచ్చేస్తుంది. 2023లో న్యూయార్క్‌లో ఇద్దరు లాయర్లు చాట్‌జీపీటీ అనే చాట్‌బాట్ ఇచ్చిన పాత తీర్పులను కోర్టుకు సమర్పించారు. అలాంటి తీర్పులే లేవని తేలింది. వాళ్లకి, వాళ్ల సంస్థకి కలిపి జడ్జి 5,000 డాలర్ల జరిమానా వేశారు. ఈ సంగతి చెబితే తరగతి మొత్తం చెవులు రిక్కించి వింటుంది.

ఒక అభ్యాసం: చాట్‌బాట్ ఇచ్చిన ఒక పేరా ప్రింట్ తీసి పంచండి. అందులో సరిచూడదగ్గ ప్రతి మాట కింద గీత గీయమనండి: పేర్లు, తేదీలు, అంకెలు, "అధ్యయనాలు చెబుతున్నాయి" అన్నవి. తలా ఒక గీత పంచుకుని, ప్రతిదానికీ స్వతంత్రంగా ఒక ఆధారం తేవాలి. దొరికితే టిక్, తప్పని తేలితే ఇంటూ, ఎటూ తేలకపోతే ప్రశ్నార్థకం. కొన్ని పేరాలు పూర్తిగా సరైనవే రావచ్చు. అది కూడా పిల్లలు చూడాలి. సరైనదేనన్న సంగతి తామే సరిచూసుకున్నాకే తెలిసిందని గమనిస్తారు.

ప్రశ్నలు పుట్టించడానికో, కష్టమైన పేరా అర్థం చేసుకోవడానికో, వెతకడానికి మాటలు సూచించమనో వాడితే అభ్యంతరం పెట్టనక్కర్లేదు. ఎక్కడ వాడారో ఒక లైన్‌లో రాయమనండి.

ఫొటోలు, వీడియోల సంగతి?

రివర్స్ ఇమేజ్ సెర్చ్ నేర్పండి. ఫొటో అప్‌లోడ్ చేస్తే అది అంతకుముందు ఎక్కడెక్కడ వచ్చిందో చూపిస్తుంది. గూగుల్ లెన్స్, టిన్‌ఐ లాంటివి ఉచితం. నకిలీ ఫొటోల కన్నా, నిజమైన ఫొటోకి తప్పుడు వివరం తగిలించడమే ఎక్కువ ఇబ్బంది. ఎప్పటిదో వరద ఫొటో నిన్నటిదంటూ తిరుగుతుంది. వీడియో అయితే ఒక ఫ్రేమ్ స్క్రీన్‌షాట్ తీసి వెతకాలి. బోర్డుల మీద భాష, బండ్ల నంబర్ ప్లేట్లు, నీడలు, వాతావరణం గమనించడం పిల్లలకు ఆటలా ఉంటుంది.

పరిశోధన పత్రాలు స్కూలు పిల్లలతో చదివించొచ్చా?

పూర్తిగా అక్కర్లేదు. సారాంశం, ముగింపు చదివించి, ఎంతమంది మీద చేశారు, ఎలా చేశారు అన్నవి వెతికించండి. ఒక్క పత్రం మీద ఆధారపడకూడదని చెప్పడానికి 1998లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన పత్రం చూపించండి. తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా రాకుండా వేసే ఎమ్మెమ్మార్ టీకాకీ ఆటిజమ్‌కీ సంబంధం ఉండొచ్చన్న భయాన్ని ప్రపంచమంతా పాకించింది అది. ఆ పత్రంలో ఉన్నది 12 మంది పిల్లలు. తర్వాత లక్షల మంది మీద చేసిన అధ్యయనాల్లో అలాంటి సంబంధమేదీ కనబడలేదు. లాన్సెట్ ఆ పత్రాన్ని 2010లో ఉపసంహరించుకుంది. పీర్ రివ్యూ అంటే ఆ రంగం తెలిసినవాళ్లు ప్రచురణకు ముందు ఒకసారి చూశారని మాత్రమే. అది కావలసిన జాగ్రత్తే, కానీ ఆఖరి తీర్పు కాదు. నిజం తేలేది చాలామంది విడివిడిగా చేసి, అదే ఫలితానికి వచ్చినప్పుడు.

కాపీ కొట్టకుండా ఎలా ఆపాలి?

భయపెట్టి కొంతవరకే ఆపగలం. చాలామంది పిల్లలు దొంగతనంగా కాక, వేరే దారి తెలియక కాపీ కొడతారు. సొంత మాటల్లో రాయమంటే నాలుగు మాటలు మార్చి, వాక్యం అలాగే ఉంచుతారు. అర్థం కానిదాన్ని సొంత మాటల్లో ఎవరూ రాయలేరు. కాబట్టి చికిత్స చదివే దగ్గరే మొదలవ్వాలి.

నోట్సు రాయించే పద్ధతి మార్చండి. పేరా చదవాలి, పుస్తకం మూయాలి లేదా స్క్రీన్ ఆపాలి, పక్కవాడికి చెప్పాలి, ఆ చెప్పినట్టే రాయాలి. అప్పుడే పుస్తకం తెరిచి అంకెలు, పేర్లు సరిచూసుకోవాలి. నోట్సు కాగితాన్ని నిలువునా మడిచి, ఎడమవైపు మూలంలో ఉన్నది, కుడివైపు తనకేమనిపించింది రాస్తే, ఏది ఎవరిదో ఆర్నెల్ల తర్వాత కూడా తెలుస్తుంది. ఉన్నదున్నట్టు ఎత్తిరాస్తే ఆ క్షణమే కొటేషన్ గుర్తులు పెట్టాలి, తర్వాత పెట్టొచ్చులే అనుకుంటే మర్చిపోతారు.

రిఫరెన్సులు ఏ స్టైల్లో రాయించాలి?

స్కూల్లో అయితే ఏ స్టైలైనా ఒకటే. ఎవరు రాశారు, పేరేమిటి, ఎప్పుడు, ఎక్కడ, ఏ రోజు చూశారు. ఈ అయిదూ ఉంటే చాలు. కామా ఎక్కడ, ఇటాలిక్ ఎక్కడ అని మార్కులు తీసేస్తే ఇదంతా తంతు అనుకుంటారు. మీరు రాసింది చదివినవాడు కావాలంటే అదే చోటికి వెళ్లి చూసుకోగలగాలి అని కారణం చెప్పండి. కాలేజీలో ఏపీఏ, ఎం.ఎల్.ఏ., షికాగో లాంటి నిర్ణీత స్టైళ్లు తప్పవు. అక్కడ మూలాలను దాచిపెట్టి రిఫరెన్సుల జాబితా తయారుచేసిచ్చే జొటెరో లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ చాలా శ్రమ తగ్గిస్తుంది.

మొదట ఉత్సాహంగా ఉండి, మధ్యలో చేతులెత్తేస్తున్నారు. ఎందుకు?

ఈ ప్రశ్న అడిగే టీచర్లు తక్కువ. అందరూ అడగాల్సిన ప్రశ్న మాత్రం ఇదే. రట్గర్స్ విశ్వవిద్యాలయానికి చెందిన క్యారల్ కుల్తావ్ 1980ల నుంచి విద్యార్థులు వెతుకుతున్నప్పుడు వాళ్ల మనసులో ఏం జరుగుతుందో గమనించారు. టాపిక్ ఎంచుకోగానే హుషారు వస్తుంది. చదవడం మొదలుపెట్టాక ఒకదానికొకటి పొసగని సంగతులు ఎదురై ధైర్యం దిగిపోతుంది. తికమక, టెన్షన్, "నాకు రాదు" అన్న భావన. తాను సరిగ్గా ఏం చెప్పదలుచుకున్నాడో కుదిరాక మళ్లీ ధీమా పెరుగుతుంది. మధ్యలో వచ్చే ఆ పల్లం అందరికీ వస్తుంది, పండితులకు కూడా.

పిల్లలకు ఈ మాట ముందే చెప్పాలి. ఎందుకంటే ఆ పల్లంలో ఉన్న పిల్లవాడు తనొక్కడికే ఇలా అవుతోందనుకుంటాడు, కాపీ కొట్టేది కూడా సరిగ్గా అప్పుడే. మీరు చివరి తేదీన పేపర్లు తీసుకునేబదులు మధ్యలో ఒక రోజు ఒక్కొక్కరితో మూడు నిమిషాలు మాట్లాడండి. "ఇప్పటిదాకా దొరికినవాటిలో నిన్ను ఆశ్చర్యపరిచింది ఏమిటి? ఏది దేనికి పొసగట్లేదు?" అని అడగండి. ఆ రెండో ప్రశ్నకు వచ్చిన జవాబే చాలాసార్లు వాళ్ల రిపోర్టుకి వెన్నెముక అవుతుంది.

మాతృభాషలో వెతకనివ్వాలా, ఇంగ్లీషులోనా?

రెండిట్లోనూ. మాతృభాషలో చదివితే విషయం త్వరగా మనసుకెక్కుతుంది. వెబ్‌లో కొన్ని విషయాల మీద ఇంగ్లీషులోనే ఎక్కువ ఉందన్నదీ నిజం. ముందు తమ భాషలో చదివి అర్థం చేసుకుని, కావలసిన సాంకేతిక పదాలు పట్టుకుని, తర్వాత ఇంగ్లీషులో వెతికితే తేలిక. స్థానిక చరిత్ర, వృత్తులు, మొక్కలు లాంటి విషయాల్లో మాత్రం తమ భాషలోని పుస్తకాలు, పెద్దవాళ్ల జ్ఞాపకాలే ముందు.

ఇంటర్నెట్ సరిగా లేని చోట ఎలా?

ఇందులో సగానికి పైగా కాగితం మీదే నేర్పొచ్చు. ఒకే సంఘటన గురించి రెండు పత్రికలు రాసిన వార్తలు కత్తిరించి పోల్చించండి. పాత పాఠ్యపుస్తకాన్నీ కొత్తదాన్నీ పక్కపక్కన పెట్టి ఏం మారిందో వెతికించండి. ఇద్దరు ప్రత్యక్ష సాక్షులను ఇంటర్వ్యూ చేయించండి. పుస్తకం వెనక ఉండే పదసూచిక వాడడం కూడా చాలామందికి రాదు, అదీ వెతకడమే.

ఇలా నేర్పితే దేన్నీ నమ్మని మనుషులుగా తయారవరా?

ఈ భయం సరైనదే. తప్పుడు సమాచారం ఉదాహరణలే చూపిస్తూ పోతే పిల్లలు "అంతా అబద్ధమే" అనే చోటికి చేరతారు. అది తెలివిలా కనిపిస్తుంది గాని, వెతకడం మానేయడానికి ఒక సాకు. అందుకని ప్రతి నకిలీకీ తోడుగా, పరీక్షకు నిలిచినవాటిని కూడా ఇవ్వండి. సరిచూడమని ఇచ్చేవాటిలో సగం నిజమైనవి ఉండాలి. ఒక పత్రిక తప్పు రాసి, సవరణ ప్రచురిస్తే దాన్ని నమ్మకానికి గుర్తుగా చూపించండి, అవమానంగా కాదు. ఎవరిని, ఏ విషయంలో, ఎంతవరకు నమ్మాలో తెలియడమే మనకు కావలసింది. పేరున్న భౌతిక శాస్త్రవేత్త మాట భౌతిక శాస్త్రంలో విలువైనది, ఆహార నియమాల్లో ఆయన మనలాంటివాడే.

మార్కులు ఎలా వేయాలి?

ఫైనల్ రిపోర్టుకి సగం, వెతికిన దారికి సగం. దారిని చూపించే కాగితాలు మూడు అడగండి. ఒకటి, వెతుకులాట డైరీ: ఏ మాటలతో వెతికాను, ఏం దొరికింది, తర్వాత ఏం మార్చాను. రెండు, తీసుకున్న ప్రతి మూలం గురించి రెండు వాక్యాలు: ఎందుకు నమ్మాను, నా ప్రశ్నకి ఎలా పనికొచ్చింది. మూడు, తెరిచి చూసి వదిలేసిన ఒక మూలం, వదిలేయడానికి కారణం. మూడోది అన్నిటికన్నా ఎక్కువ చెబుతుంది. మూలాలు ఎన్ని అన్నదానికి మార్కులు పెట్టకండి, పదిహేను పేర్లు ఏరుకొచ్చి ఒక్కటీ చదవరు.

తరగతిలో అరవై మంది ఉంటే ఇదంతా దిద్దడం అసాధ్యమే. అప్పుడు డైరీలను జంటగా ఒకరివి ఒకరితో చదివించి, వారానికి పదిమందివి మీరు చూడండి.

నాకు దొరికింది ఒక్క పీరియడే. దేనితో మొదలుపెట్టను?

కొత్త ట్యాబ్ తెరవడంతో. పిల్లలకు తెలియని ఒక సైట్ ప్రొజెక్టర్ మీద చూపించండి, ముందే రెండు రకాలు సిద్ధం చేసుకోండి, ఒకటి నమ్మదగినది, ఒకటి కానిది. మొదట పేజీ చూసి నమ్ముతారా లేదా అని చేతులెత్తించి, లెక్క బోర్డు మీద రాయండి. తర్వాత మీరే నోటితో పైకి అనుకుంటూ వెతకండి: "ఈ సంస్థ పేరు నాకు తెలియదు. పేరు కాపీ చేసి ఇంకో ట్యాబ్‌లో వేస్తున్నాను. వాళ్ల సొంత సైట్ వదిలేసి మిగతావాళ్లు ఏమన్నారో చూస్తాను. ఇదిగో, దీనికి డబ్బిచ్చేది ఎవరో ఇక్కడ ఉంది." మీ ఆలోచన వాళ్లకి వినబడాలి, తడబాటుతో సహా. రెండో సైట్ పిల్లలకు వదిలేయండి, జంటలుగా, నాలుగు నిమిషాల్లో. మళ్లీ చేతులెత్తించి లెక్క రాయండి. మిగిలిన సమయంలో, లెక్క ఎందుకు మారిందో వాళ్లనే చెప్పనివ్వండి. తర్వాతి వారం మీ పాఠంలో ఏదైనా సైట్ చూపించినప్పుడు "ఎవరిది ఇది?" అని మీకన్నా ముందు ఎవరైనా అడిగితే, చూపిస్తున్న పని ఆపి, ఆ పిల్లవాడినే వచ్చి వెతకమనండి.